ప్రొఫెషనల్ సైకిల్ రేసుల్లో రూల్స్, శిక్షలు, న్యాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

జూలై వచ్చిందంటే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మా సైకిల్ గుంపుకి రాత్రిళ్లు నిద్ర తక్కువ. ఫ్రాన్స్‌లో మూడు వారాలు జరిగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌లో స్టేజీ, అంటే ఆ రోజు పందెం, ముగిసేసరికి మనకు తొమ్మిది, ఒక్కోసారి తొమ్మిదిన్నర అవుతుంది. రైడర్లు ముగింపు గీత దాటగానే వాట్సాప్‌లో తగువు మొదలు. "వాణ్ని ఎందుకు తీసేశారు?", "వీణ్ని ఎందుకు వదిలేశారు?" అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. సొంత అభిప్రాయం చెప్పిన చోట అది నాదేనని తెలిసేలా రాశాను. ఒప్పుకోకపోతే గుంపులో తిట్టండి, అలవాటే.

రేసులో తీర్పు చెప్పేది ఎవరు? టూర్ నడిపే కంపెనీయా?

కాదు. టూర్ డి ఫ్రాన్స్‌ని నడిపేది ఏఎస్ఓ అనే ఫ్రెంచి సంస్థ. దారి, స్టేజీలు, ఏర్పాట్లు వాళ్లవి. రూల్స్ మాత్రం అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐవి. 1900లో పుట్టిన ఈ సమాఖ్య ఆఫీసు స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్ ఊళ్లో ఉంది. రేసు మీద కన్నేసి శిక్ష వేసేవాళ్లని కమిసేర్లు అంటారు. కొందరు కార్లలో, కొందరు మోటార్‌సైకిళ్ల మీద రైడర్లతోపాటే వెళ్తారు. ఒకరు గీత దగ్గర ఉంటారు, ఒకరు టీవీ తెరల ముందు కూర్చుంటారు. సాయంత్రానికి వాళ్ల దగ్గర్నుంచి ఒక కాగితం వస్తుంది. ఎవరికి ఎన్ని స్విస్ ఫ్రాంకుల ఫైన్, ఎవరికి ఎన్ని సెకన్లు, ఎవరి పాయింట్లు కోత, ఎవరిని ఇంటికి పంపారు, అన్నీ అందులో ఉంటాయి. జనం చూస్తుండగా రోడ్డు పక్కన మూత్రం పోసినందుకు వేసే ఫైన్లు కూడా అందులో తరచూ కనపడతాయి. నాకైతే ఆ కాగితం చదవడమే సగం సరదా.

అంతమందిలో తప్పు చేసినవాణ్ని ఎలా పట్టుకుంటారు?

2025 టూర్‌లో 23 జట్లు, 184 మంది రైడర్లు. అందరూ ఒకే గుంపుగా గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోతుంటే కారులో వెనకాల వచ్చే కమిసేర్‌కి కనపడేది ఏపాటి? అందుకే 2018 నుంచి పెద్ద రేసుల్లో వీడియో చూసే కమిసేర్‌ని పెట్టారు. చాలా తప్పులు ఇప్పుడు అక్కడే దొరుకుతున్నాయి.

కానీ కెమెరా ఎటు తిరిగి ఉంటే చట్టం కూడా అటే తిరిగి ఉంటుంది. ముందున్న పది మంది మీద హెలికాప్టర్, మోటార్‌సైకిల్ కెమెరాలు అన్నీ ఉంటాయి. కొండ మీద అరగంట వెనకబడి, మందుల కారు పక్కన ఈడ్చుకుంటూ వచ్చేవాడి మీద ఒక్కటీ ఉండదు. రూల్ గట్టిగా ఉందని నేనెప్పుడూ బాధపడను. ఒకరికి పడిన శిక్ష అదే పని చేసిన ఇంకొకరికి పడకపోతేనే ఒళ్లు మండుతుంది. ఈ పేజీలో చాలా జవాబులు చివరికి అక్కడికే వస్తాయి.

టీమ్ కారు నుంచి బాటిల్ తీసుకుంటూ కాసేపు పట్టుకుని ఉంటే తప్పేనా?

తప్పే. కారులోంచి బాటిల్ అందిస్తారు, రైడర్ పట్టుకుంటాడు, ఇద్దరూ వదలరు. ఆ రెండు మూడు సెకన్లలో కారు వాణ్ని లాగేస్తుంది. మన ఘాట్ రోడ్ల మీద కుర్రాళ్లు లారీ వెనక గొలుసు పట్టుకుని ఎక్కేస్తారు చూడండి, అదే పని కాస్త మర్యాదగా చేయడం. ఒకటి రెండు సెకన్లయితే కమిసేర్లు చూసీచూడనట్టు పోతారు, ఎక్కువైతే ఫైన్ వేస్తారు. మరీ ఎక్కువైతే ఇంటికే.

2015లో స్పెయిన్ రేసు వుయెల్టా రెండో స్టేజీలో విన్చెంజో నీబలి కింద పడి వెనకబడ్డాడు. తర్వాత టీమ్ కారు పట్టుకుని గుంపులోంచి రాకెట్‌లా ముందుకు దూసుకుపోవడం హెలికాప్టర్ కెమెరాకి చిక్కింది. ముందు ఏడాదే టూర్ గెలిచినవాడు, అయినా తీసేశారు. 2017లో ఫ్రాన్స్‌లోనే జరిగే పారిస్-నీస్ రేసు మొదటి స్టేజీలో ఫ్రాన్స్ అభిమాన రైడర్ రొమాన్ బార్డే కూడా ఇలాగే కారు పట్టుకుని దొరికిపోయాడు, అదే రోజు బయటికి పంపారు. సొంత దేశంలో, సొంత జనం ముందు. ఈ రెండు తీర్పులకీ నేను చప్పట్లు కొడతాను.

పంక్చర్ అయ్యాక కార్ల వెనకాల నక్కి తిరిగి గుంపులో కలుస్తారు కదా, దానికి శిక్ష లేదా?

కాగితం మీద కారు వెనకాల గాలి చాటున తొక్కడం తప్పే. కానీ పంక్చరైనవాడు, పడి లేచినవాడు టీమ్ కార్ల వరుసలోంచి ఒక్కో కారూ దాటుకుంటూ రావడాన్ని ఓర్చుకుంటారు. వాడు కాళ్ల బలం తగ్గి వెనకబడలేదు కదా అన్న న్యాయం ఇందులో ఉంది. బలం చాలక వెనకబడినవాళ్లకి ఈ అవకాశం దొరక్కుండా కమిసేర్ కార్లను ఆపేస్తాడు. దాన్ని బరాజ్ అంటారు. ఎప్పుడు ఆపాలన్నది పూర్తిగా ఆయన ఇష్టం. టీవీలో ఎవరూ పట్టించుకోరు కానీ రేసులు ఇక్కడ మారిపోతాయి.

స్ప్రింట్‌లో లైన్ మార్చడం అంటే ఏమిటి? శిక్షలు ఒక్కోసారి ఒక్కోలా ఎందుకు?

ఆఖరి స్ప్రింట్, అంటే గీత ముందు ఉన్న బలమంతా పెట్టి దూసుకెళ్లే పోటీ, మొదలయ్యాక రైడర్ తను ఎంచుకున్న లైన్, అంటే తిన్నని దారి, వదిలి పక్కవాడికి ప్రమాదం తేకూడదు. తెస్తే ఆ గుంపులో ఆఖరి స్థానానికి తోస్తారు. 2024 టూర్ ఆరో స్టేజీలో, డిజోన్‌లో యాస్పర్ ఫిలిప్సెన్‌కి ఇదే జరిగింది. రెండో స్థానంలో వచ్చాడు, వౌట్ వాన్ ఆర్ట్‌ని బారికేడ్ వైపు నొక్కాడని వెనక్కి తోసేశారు. ఎవరూ పడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా శిక్ష. ఇది సరైన పద్ధతి. చేసిన పనిని చూశారు, ఫలితాన్ని కాదు.

2017 టూర్ చూడండి. నాలుగో స్టేజీ, విట్టెల్. మార్క్ కావెండిష్ బారికేడ్‌కి గుద్దుకుని భుజం ఎముక విరిగింది. పీటర్ సగాన్ మోచెయ్యి బయటికి వచ్చినట్టు వీడియోలో కనపడింది. సాయంత్రానికి సగాన్‌ని టూర్ నుంచే తీసేశారు. జట్టు లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి పరుగెత్తింది, రేసులో ఉండనివ్వండి అన్న అర్జీని కోర్టు ఒప్పుకోలేదు. డిసెంబర్‌లో యూసీఐ, జట్టు రాజీకొచ్చాయి, అది కావాలని చేసింది కాదని తేలింది. తేలి ఏం లాభం? టూర్ జూలైలోనే అయిపోయింది. కావెండిష్ ఎముక విరక్కపోయి ఉంటే సగాన్‌ని ఆఖరి స్థానానికి తోసి వదిలేసేవారని నా గట్టి నమ్మకం. దెబ్బ ఎంత తగిలిందన్నదాన్ని బట్టి శిక్ష పెరిగితే అది అదృష్టానికి వేసిన శిక్ష.

అందరికన్నా ఘోరం 2020 ఆగస్టు, టూర్ ఆఫ్ పోలాండ్ మొదటి స్టేజీ. కటోవిట్సెలో గీత వాలు మీద ఉండేది, వేగం గంటకు 80 కిలోమీటర్ల దగ్గర. డైలన్ గ్రూనెవేగెన్ లైన్ మార్చాడు, ఫాబియో యాకబ్సెన్ బారికేడ్లలోంచి ఎగిరి అవతల పడ్డాడు. కోమాలో ఉంచి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గ్రూనెవేగెన్‌కి తొమ్మిది నెలల నిషేధం. అతను చేసింది తప్పే, ఒప్పుకున్నాడు కూడా. కానీ వాలు మీద గీత గీసింది, ఊడిపోయే బారికేడ్లు పెట్టింది అతను కాదు కదా. రైడర్ ఒక్కడే తొమ్మిది నెలలు ఇంట్లో కూర్చున్నాడు. 2022 టూర్‌లో రెండో స్టేజీ యాకబ్సెన్ గెలిచాడు, మర్నాడు మూడో స్టేజీ గ్రూనెవేగెన్ గెలిచాడు. డెన్మార్క్‌లో ఆ రెండు రోజులూ చూసినవాళ్లు మర్చిపోలేరు.

ఎల్లో కార్డు అంటున్నారు, ఫుట్‌బాల్‌లోలా చూపిస్తారా?

చూపించరు. సాయంత్రం వచ్చే కాగితంలో పేరు రాస్తారు, అంతే. 2024 ఆగస్టులో ప్రయోగంగా మొదలై 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఒకే రేసులో రెండు కార్డులు పడితే రేసు నుంచి అవుట్, పైన ఏడు రోజుల సస్పెన్షన్. 30 రోజుల్లో మూడు పడితే 14 రోజులు, ఏడాదిలో ఆరు పడితే 30 రోజులు. రైడర్లకే కాదు, టీమ్ కారు నడిపేవాళ్లకి, మోటార్‌సైకిల్ డ్రైవర్లకి కూడా పడుతుంది. ఇది నాకు బాగా నచ్చింది. సహచరుడు గెలిచాడని గుంపు మధ్యలో చేతులెత్తి నెమ్మదించేవాళ్లకి కూడా కార్డు ఉంది. వినడానికి చిన్న విషయం, వెనక నుంచి 65 వేగంతో వచ్చేవాడికి అది ప్రాణం మీదకి తెచ్చే పని.

గీతకి కాస్త ముందు పడిపోతే టైమ్ పోతుందా?

చదును స్టేజీ అయితే, ఆఖరి 3 కిలోమీటర్లలో పడినా పంక్చరైనా, అప్పటిదాకా ఏ గుంపులో ఉన్నాడో ఆ గుంపు టైమే ఇస్తారు. ఈ మధ్య కొన్ని స్టేజీలకి ఈ హద్దును 5 కిలోమీటర్ల వరకూ పెంచుతున్నారు. కొండ మీద ముగిసే స్టేజీలకి ఈ రూల్ లేదు.

తోటివాడికి సాయం చేసినా శిక్షేనా?

వేరే జట్టువాడికైతే, అవును. దీని మీద మా గుంపులో పెద్ద యుద్ధమే జరిగింది.

2015లో ఇటలీ రేసు జీరో డిటాలియా పదో స్టేజీ, ఫోర్లీ ఊరికి ఇక ఆరేడు కిలోమీటర్లు. రిచీ పోర్ట్ టైరు పంక్చర్. తన జట్టువాళ్లు దగ్గర లేరు. సాటి ఆస్ట్రేలియా వాడు సైమన్ క్లార్క్ ఆగాడు, తన సైకిల్ చక్రం ఊడదీసి పోర్ట్‌కి బిగించాడు. పోర్ట్ అప్పటికే 47 సెకన్లు పోగొట్టుకున్నాడు. సాయంత్రం ఇద్దరికీ చెరో 2 నిమిషాలు వేశారు. వేరే జట్టు రైడర్ నుంచి సాయం తీసుకోకూడదని రూల్ పుస్తకంలో స్పష్టంగా ఉంది.

క్లార్క్‌ది మంచి మనసే, ఎవరూ కాదనరు. కానీ ఈ రూల్ లేకపోతే ఏమవుతుంది? డబ్బున్న జట్టు చిన్న జట్టుని లోపాయికారీగా కొనుక్కుంటుంది. చక్రం ఇచ్చేది స్నేహంతోనా, ఒప్పందంతోనా అని కమిసేర్ ఎలా కనిపెడతాడు? మనసు కొలిచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు కాబట్టి చేతిని చూస్తారు. శిక్ష సరైనదేనని ఆ రోజూ అన్నాను, ఇప్పుడూ అంటాను. 2 నిమిషాలు మాత్రం ఎక్కువే. 2013 టూర్‌లో ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీద, తిండి అందించకూడని ఆఖరి కిలోమీటర్లలో, తన జట్టు నాయకుడు క్రిస్ ఫ్రూమ్ కోసం ఇదే పోర్ట్ కారు నుంచి జెల్ (శక్తినిచ్చే చిక్కటి తిండి) తెచ్చాడు. నీరసించిపోయిన ఫ్రూమ్‌కి అది ఎంతో పనికొచ్చింది. ఇద్దరికీ పడింది చెరో 20 సెకన్లు. తెలిసి చేసినదానికి 20 సెకన్లు, ఆవేశంలో చేసిన మంచికి 120 సెకన్లు. ఈ లెక్క నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

పడినవాడి కోసం ఆగాలని రూల్ ఉందా?

లేదు. అది రాయని ఒప్పందం. 2022 టూర్‌లో ఒటకమ్ కొండ స్టేజీ రోజు దిగుడులో తదేయ్ పొగాచర్ జారి పడ్డాడు. యెల్లో జెర్సీలో (మొత్తం టైమ్‌లో అందరికన్నా ముందున్నవాడు వేసుకునేది) ఉన్న యోనాస్ వింగెగోర్ నెమ్మదించి వాడి కోసం ఆగాడు. పొగాచర్ వచ్చి చెయ్యి కలిపాడు. తర్వాత కొండ మీద వింగెగోరే గెలిచాడు, అది వేరే కథ.

ఇంకో రకం చూడండి. 2010 టూర్, పోర్ట్ ద బాలెస్ కొండ. యెల్లో జెర్సీలో ఉన్న ఆండీ ష్లెక్ చైన్ ఊడింది, అల్బెర్టో కొంటడోర్ ఆగకుండా దూసుకుపోయాడు. ఆ రోజు లాభం 39 సెకన్లు. పారిస్‌లో ఆఖరి తేడా కూడా సరిగ్గా 39 సెకన్లే. కమిసేర్లు ఏమీ చేయలేదు, చేయడానికి రూల్ లేదు. కొంటడోర్ నమూనాలో నిషేధించిన మందు క్లెన్‌బ్యూటెరాల్ దొరికి 2012లో టైటిల్ పోయి, అది ష్లెక్‌కి వచ్చింది. కాగితం మీద వచ్చిన టైటిల్‌తో ష్లెక్‌కి పెద్దగా సంతోషం కలిగిందని నేననుకోను.

చాలా వెనకబడినవాళ్లని ఇంటికి పంపడం అన్యాయం కాదా?

గెలిచినవాడి టైమ్ మీద కొంత శాతం కలిపి గడువు పెడతారు, దాటితే అవుట్. కానీ 2011 టూర్‌లో గలిబియే కొండ స్టేజీ రోజు ఏకంగా 88 మంది గడువు దాటారు. అంతమందిని పంపిస్తే పారిస్ చేరేదెవరు? అందరినీ ఉంచేశారు. తలా 20 పాయింట్లు మాత్రం కోశారు, పాయింట్లలో ముందున్నవాడికిచ్చే గ్రీన్ జెర్సీ పోటీలో ఉన్న కావెండిష్‌కి కూడా (చివరికి జెర్సీ అతనికే వచ్చింది). ఒక్కడే ఆలస్యమైతే పాపం ఇంటికి, 88 మంది ఆలస్యమైతే ప్రభుత్వం దిగొస్తుంది. ఇది రేసుల్లోనే ఉన్న జబ్బు కాదులెండి.

మన గుణుపురం లైన్‌లోలా దారిలో రైలు గేటు పడితే?

గేటు పడ్డాక దూరడం నిషేధం, దూరితే డిస్క్వాలిఫై. 2006లో ఫ్రాన్స్‌లో జరిగే ఒక్కరోజు రేసు పారిస్-రూబేలో గేటు కింద నుంచి దూరిన లీఫ్ హోస్ట్, వాన్ పేటెగెమ్, గుసెవ్ రెండు, మూడు, నాలుగు స్థానాల్లో వచ్చి కూడా ఫలితాల్లో లేకుండా పోయారు. 2015లో అదే రేసులో గేటు పడుతుంటే చాలామంది దూరారు, క్షణాల్లో హైస్పీడ్ రైలు వచ్చింది. ఆ రోజు ఒక్కరినీ డిస్క్వాలిఫై చేయలేదు. చేస్తే సగం రేసు పోతుంది మరి. పై ప్రశ్నలో 88 మంది గుర్తున్నారా?

ముందు దూసుకెళ్లినవాళ్లకి గేటు అడ్డం పడితే? గుంపు కంటే 30 సెకన్లకు మించి ముందుండి, గేటు దగ్గర ఆగి గుంపుకి చిక్కితే, రేసు ఆపి అదే తేడాతో మళ్లీ వదులుతారు. 30 సెకన్ల లోపు తేడా అయితే వాళ్ల కర్మ.

వాన, కొండచరియలు వస్తే?

2019 టూర్ 19వ స్టేజీలో వడగళ్లు పడి, మట్టి విరిగి రోడ్డు మూసుకుపోయింది. ఇజెరాన్ కొండ శిఖరం దగ్గర టైమ్ తీసుకున్నారు, స్టేజీకి విజేత లేడు. యెల్లో జెర్సీ ఎగాన్ బెర్నాల్‌కి వచ్చి పారిస్ దాకా నిలిచింది. వానాకాలంలో రాయగడ నుంచి కోరాపుట్ వైపు వెళ్లినవాళ్లకి ఈ తీర్పు మీద పెద్దగా సందేహాలు ఉండవు.

జనం తప్పు చేస్తే రైడర్ నష్టపోవాలా?

ఎక్కువసార్లు నష్టపోవాల్సిందే. 2021 టూర్ మొదటి రోజు ఒకావిడ తాతకీ అమ్మమ్మకీ రాసిన అట్ట ముక్క కెమెరాకి కనపడాలని రోడ్డులోకి చాపింది. టోనీ మార్టిన్ దానికి తగిలి పడ్డాడు, వెనక గుంపంతా కూలింది. కోర్టు ఆమెకి 1,200 యూరోల ఫైన్ వేసింది. రైడర్లకి ఒక్క సెకను తిరిగి రాలేదు. 2016 టూర్‌లో మోన్ వాంటూ కొండ మీద మాత్రం జనం వల్ల మోటార్‌సైకిల్ ఆగి, ఫ్రూమ్, పోర్ట్, మొలెమా దానికి గుద్దుకున్నారు. ఫ్రూమ్ సైకిల్ విరిగి కొండ మీదకి పరుగెత్తాడు. కమిసేర్ల జ్యూరీ ఫ్రూమ్‌కీ పోర్ట్‌కీ మొలెమా టైమే ఇచ్చింది. మంచి తీర్పే. యెల్లో జెర్సీ కాకుండా నలభయ్యో స్థానంలో ఉన్నవాడైతే ఇచ్చేవారా అని అడగొద్దు.

సాక్సు ఎత్తుకి కూడా రూల్ ఉందట, నిజమేనా?

నిజమే. చీలమండకీ మోకాలికీ మధ్య సగం ఎత్తు దాటకూడదు. సైకిల్ బరువు 6.8 కిలోల కంటే తగ్గకూడదు. సైకిల్ పైపు మీద కూర్చుని వాలు దిగడం 2021 ఏప్రిల్ నుంచి నిషేధం. అదే నెల బెల్జియంలో ఫ్లాండర్స్ రేసులో ఖాళీ బాటిల్‌ని అభిమానులకి విసిరినందుకు మైకేల్ షేర్‌ని రేసు నుంచే తీసేశారు. చెత్త వేయకూడదన్న రూల్ మంచిదే, శిక్షే మరీ మొరటు. గోల అయ్యాక మెత్తబరిచారు.

సైకిల్లో మోటార్ దాస్తారంటారు, ఎవరైనా దొరికారా?

పెద్ద పోటీల్లో ఒకరు దొరికారు, అదీ రోడ్డు రేసులో కాదు. 2016లో సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో తొక్కే రేసు) ప్రపంచ పోటీల్లో బెల్జియం అమ్మాయి సైకిల్ ఫ్రేములో మోటార్ బయటపడింది. ఆరేళ్ల నిషేధం, 20,000 స్విస్ ఫ్రాంకుల ఫైన్ పడ్డాయి. ఇప్పుడు టాబ్లెట్ స్కానర్లు, ఎక్స్‌రే యంత్రాలతో వెతుకుతున్నారు. మన గుంపులో సగం మంది అనుమానాలకి ఆధారం లేదు.

డోపింగ్ కాకపోయినా పేరు కొట్టేశారట, ఎవరిని?

నాయిరో కింటానాని. 2022 టూర్‌లో ఆరోవాడు. రక్తంలో నొప్పి మందు ట్రామడాల్ దొరికింది. అప్పటికి అది ప్రపంచ డోపింగ్ జాబితాలో లేదు, 2024లో ఎక్కింది. యూసీఐ మాత్రం 2019 నుంచే రేసుల్లో నిషేధించింది. అందుకే సస్పెన్షన్ లేదు, ఫలితం మాత్రం పోయింది. అప్పీలుకి వెళ్లాడు, నెగ్గలేదు. ఆపరేషన్ అయితే మన డాక్టర్లూ రాసిచ్చే మందే కాబట్టి చాలామంది జాలిపడ్డారు. కానీ ఆ మందుకి కళ్లు తిరుగుతాయి, మగత వస్తుంది. అలాంటివాడు గుంపు మధ్యలో 60 వేగంతో తొక్కుతుంటే పక్కవాడి పరిస్థితి ఏమిటి?

మన వైపు పందేలకి ఇందులో ఏది పనికొస్తుంది?

పండక్కి పెట్టే పందేల్లో గొడవ రూల్ లేక రాదు. రూల్ ముందు చెప్పక వస్తుంది, చెప్పినా కమిటీ పెద్ద మేనల్లుడికి వర్తించక వస్తుంది. ఒకచోట మలుపు కోసేసినవాణ్ని పక్కన పెట్టి, అదే మలుపు కోసిన ఇంకో కుర్రాణ్ని "పోన్లే, మనవాడే" అని గెలిపించడం నేను చూశాను. కొట్టుకునేదాకా వెళ్లింది.

కాబట్టి కొన్ని పనులు చేయండి. రూల్స్ బయల్దేరే ముందు తెలుగులోనూ ఒడియాలోనూ గట్టిగా చదవండి. పాతపట్నం వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లకి ఒడియా రాదు, లోపలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి తెలుగు అంతంతమాత్రం. తీర్పు చెప్పేవాళ్లు ముగ్గురుండాలి, వాళ్ల ఇంటి పిల్లలెవరూ పందెంలో ఉండకూడదు. గీత దగ్గర స్టాండు మీద రెండు ఫోన్లు పెట్టి వీడియో తీయండి, చేత్తో పట్టుకుంటే తోపులాటలో ఊగిపోతుంది. సగం దారిలో, ఎవరూ నిలబడని మలుపు దగ్గర ఇంకొకర్ని పెట్టండి, మోసం అక్కడే జరుగుతుంది. రైడర్ల పక్కన అన్నదమ్ముల బైకులు రాకుండా చూడండి. ఫిర్యాదుకి అరగంట గడువు పెట్టి, అది దాటాకే ప్రైజులు ఇవ్వండి. గుణుపురం-పర్లాకిమిడి రోడ్డు మీద పెట్టేటట్టయితే ముందు రోజే స్టేషన్‌కి వెళ్లి ఆ పూట రైళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయో అడిగి, దాన్ని బట్టి బయల్దేరే టైమ్ పెట్టుకోండి.